నిద్ర పడుతున్నదా అని ఎవరడుగుతున్నరు?

పోయిన ఎండాకాలంల ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చిండు. యాభై ఆరేండ్లుంటయి. చేతుల ఒక కవరు. కుర్చీ చూపిస్తే కూసోలే. గోడకు ఆనుకొని నిలబడ్డడు. "బిడ్డా, నేను ఫిట్ అంట" అన్నడు. అని, ఏడ్చిండు.

బయటి ఊర్లోళ్లకు ఇది అర్థం కాదు. ఒంట్లో ఏ రోగం లేదని డాక్టర్లు కాగితమిస్తే సంబురపడాలె గాని ఏడుస్తరా అంటరు. గోదావరిఖనిలో, యైటింక్లైన్ కాలనీలో, సెంటినరీ కాలనీలో ఉన్నోళ్లకు మాత్రం విప్పి చెప్పనక్కర లేదు. సింగరేణిలో ఒకప్పుడు తండ్రి దిగిపోతే కొడుకు బాయిలకు దిగేటోడు. తర్వాత ఏండ్ల తరబడి ఆ తొవ్వ మూసుకపోయింది. తెలంగాణ వచ్చినంక వారసత్వ ఉద్యోగాలు మళ్ల ఇస్తమన్నరు. 2017 మార్చిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అందరికీ సమాన అవకాశం ఉండాలనే రాజ్యాంగ సూత్రానికి అది విరుద్ధమన్నది. (పుట్టుకతో ఉద్యోగం రావొద్దన్న మాట మంచిదే. పుట్టుకతో చీపురు, పుట్టుకతో డప్పు, పుట్టుకతో మోరీ వచ్చినోళ్లం మనం. ఆ వారసత్వాన్ని కాగితం మీద ఎప్పుడో కొట్టేసిన్రు. మోరీలకు దిగేది మాత్రం ఇంకా మనోళ్లే.) 2018 నుంచి కారుణ్య నియామకం అనే పేరుతో అదే పని వేరే దారిలో నడుస్తున్నది. తండ్రి ఇక బాయి పనికి చేతగానంత జబ్బు మనిషి అని మెడికల్ బోర్డు తేలిస్తేనే ఆయన పిల్లల్లో ఒకరికి ఉద్యోగం.

ఇప్పుడు ఆ పెద్దమనిషి మనసులో ఏం తిరుగుతున్నదో చూడండి. ముప్పై ఏండ్లు నడుం నొప్పి దాచుకొని దిగిండు. జ్వరం వస్తే గోలి మింగి దిగిండు. నాగా పడితే చార్జిషీటు వస్తదని, మస్టర్ పోతదని నొప్పిని ఎవరికీ చెప్పలే. ఇప్పుడు అదే మనిషి నొప్పిని బయటికి తీసి చూపియ్యాలె. "నా గుండె ఆగమైంది, నా ఊపిరితిత్తులు పాడైనయి" అని మొక్కుకోవాలె. ఆయన ఆరోగ్యం ఇంటికి నష్టం. ముప్పై రెండేండ్ల కొడుకు ఆటో నడుపుకుంట ఆ కాగితం కోసమే చూస్తున్నడు. నాయినకు రోగం రావాలె అని ఏ కొడుకూ నోటితో అనడు. అట్లని రావొద్దని మనస్ఫూర్తిగా కోరుకునే స్థితీ లేదు. ఆ ఇంట్ల రెండేండ్ల నుంచి తండ్రీకొడుకులు ఒకరి మొఖం ఒకరు చూసుకుంట అన్నం తినలేదంట. దళారిని నమ్మి చేసిన అప్పు ఒకటి మీద ఉన్నది. దాని సంగతి ఇంట్ల ఆడోళ్లకు తెల్వదు.

పేరూ ఊరూ చెప్పను. నిజానికి ఇద్దరు ముగ్గురి సంగతులు కలిపి ఒకరిగా చెప్తున్న. నా దగ్గర చెప్పుకున్న మాట నా దగ్గరనే ఉండాలె.

నేను డాక్టర్ను కాదు, మందులు రాయను. మాట్లాడించే మనిషిని, వినే మనిషిని. కౌన్సెలర్ అంటరు. మా నాయిన తట్టా చెమ్మస్ పట్టిన కోల్‌ఫిల్లర్, మేం మాదిగోళ్లం. ఈ పనికి వచ్చిన కొత్తల మన సంఘం అన్న ఒకాయన నన్ను పట్టుకొని నవ్విండు. "ఇవన్నీ ఉన్నోళ్ల రోగాలు చెల్లె. మనోళ్లకు కడుపు నిండితే మనసు అదే నిండుతది" అన్నడు. ఆయన మంచోడు. కేసులు మోసినోడు. కానీ ఆయన మాట తప్పు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయిన. ఇప్పుడు చెప్తున్న.

ఉన్నోళ్ల రోగమే అయితే మన వాడల్లో దానికి ఇన్ని పేర్లు ఎందుకున్నయి? రంది అంటం. బుగులు అంటం. గుబులు అంటం. "మనాది పెట్టుకొని పోయిండు" అంటం. మా అవ్వ ఏ పుస్తకం చదవలే. అయినా రందికి, మనాదికి తేడా ఆమెకు తెలుసు. రంది వస్తది పోతది, మనాది మనిషిని లోపల నుంచి తింటది అనేది. పెద్ద దవాఖానల్లో ఇంగ్లీషులో చెప్పేది కూడా దాదాపు ఇదే. లేని రోగానికి ఎవరూ పేరు పెట్టరు. మనకు లేనిది పేరు కాదు, చెప్పుకునే జాగ.

బాయి సంగతికి వద్దాం. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో బాయిలో నీళ్లు దుంకి 17 మంది చనిపోయిన్రు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబర్ 16న, 8ఏ బాయిలో పైకప్పు కూలి 10 మంది. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో మళ్ల కప్పు కూలి ముగ్గురు పోయిన్రు. అందులో ఇద్దరు అధికారులు, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. పోయినోళ్ల లెక్క ఉంటది. నష్టపరిహారానికి లెక్క కావాలె గనుక ఉంటది. ఆ షిఫ్టుకే పోయి, పక్క చాల్‌లో పని చేసి, పైకొచ్చినోళ్ల లెక్క ఎక్కడున్నది? శవాన్ని భుజం మీద మోసినోడు మళ్ల అదే దారిన దిగేటప్పుడు కాళ్లు వణికితే దాన్ని ఏ రిజిస్టర్ల రాస్తరు? నాగా అని రాస్తరు.

మా నాయిన ముందు కూడా ఒకసారి కప్పు కూలింది. ఆయనకు దెబ్బ తగల్లే. తోటి ఫిల్లర్ పోయిండు. రిటైరై చనిపోయేదాకా, రాత్రిపూట రేకుల మీద కోతి దుంకినా లేచి మమ్ముల చేతులు పట్టి బయటికి గుంజేటోడు. ఎప్పుడూ తలుపు దిక్కే తల పెట్టి పండుకునేటోడు. చిన్నప్పుడు మేం నవ్వెటోళ్లం. వాడకట్టు పిలగాండ్లు కావాలని రేకుల మీద రాళ్లేసి ఆయన ఉరికి వస్తుంటే చూసేటోళ్లు. చదువుకున్నంక తెలిసింది, అది పిరికితనం కాదని. ఒకసారి చావును దగ్గర చూసిన మెదడు, ఆపద ఇంకా పోలేదని కావలి కాస్తుంటది. యుద్ధాలకు పోయొచ్చిన సిపాయిలలో ఇదే సంగతి చూసి డాక్టర్లు దానికి పేరు పెట్టిన్రు, మందులు, మాటలు కనిపెట్టిన్రు. సిపాయికి వచ్చే జబ్బు సింగరేణి కార్మికునికి రాదా? వస్తది. దానికి చికిత్స ఉన్నది. మా నాయినకు ఎవరూ చెప్పలే. నేను చెప్పేటంత తెలుసుకునేసరికి ఆయన లేడు.

ఇక నిద్ర. నా దగ్గరికి వచ్చేటోళ్లు పది మాటలు చెప్తే అందుల మొదటి మాట నిద్ర. ఈ వారం పొద్దటి షిఫ్టు, వచ్చే వారం రెండో షిఫ్టు, ఆపై వారం రాత్రి షిఫ్టు. ఒంటికి ఒక గడియారం ఉంటది, దాన్ని వారం వారం తిప్పుతుంటే అది చెడుతది. రాత్రి షిఫ్టు దిగి వచ్చినోడు పగటి పూట పండుకోవాలె. రామగుండం ఎండ మీకు తెలుసు. క్వార్టర్ ఉన్నోడు కూలర్ పెట్టుకుంటడు. కాంట్రాక్టు కార్మికుడు కిరాయి రేకుల ఇంట్ల, పిల్లల లొల్లిల, ఓపెన్‌కాస్టు పేలుళ్లకు గోడలు అదురుతుంటే పండుకోవాలె. నిద్ర పట్టదు. ఒక క్వార్టర్ సీసా తాగితే పడుతది. రెండు గంటలకు మళ్ల మెలకువ వస్తది, ఎందుకంటే మందు నిద్రను తెస్తది గాని నిలబెట్టదు, మధ్యలో విరగ్గొడుతది. మళ్ల ఇంకొంచెం. ఇట్ల పదేండ్లు పోతే ఊరంతా ఒక పేరు పెడుతది, తాగుబోతు అని. పై కులపోళ్లైతే ఇంకో మాట కలుపుతరు, "ఆళ్లంతే" అని.

సారా మీద మన ఆడోళ్లు కొట్లాడిన చరిత్ర చిన్నది కాదు. వాళ్ల పోరాటంతోనే 1993 అక్టోబర్ 1 నుంచి సారా బందైంది, 1995 జనవరిలో మొత్తం మద్య నిషేధం వచ్చింది. 1997లో సర్కారు మళ్ల తలుపులు తెరిచింది. ఇప్పుడు సర్కారు ఖజానా ఆ సీసా మీదనే నడుస్తున్నది. దుకాణం మీద కొట్లాడాలె, అనుమానం లేదు. దాంతోపాటు తాగే మనిషి నిద్ర గురించీ, బుగులు గురించీ అడగాలె. అట్లని ఒక మాట గట్టిగ చెప్త. "ఆయనకు మనాది ఉన్నది గనుక పెండ్లాన్ని కొట్టిండు" అనే వాదన నా దగ్గర చెల్లదు. మనాది ఆమెకు లేదా? షిఫ్టు విడిచే యాళ్లకు మనిషి రాకపోతే వాకిట్ల నిలబడి సైకిల్ సప్పుడు కోసం చెవులు రిక్కించేది ఎవరు? ముప్పై ఏండ్లు అట్ల నిలబడ్డ ఆడామె బాయి దిగకుండానే బాయి రోగం తెచ్చుకుంటది. ఆమెను కొట్టే హక్కు ఏ కష్టమూ ఇయ్యదు.

ఇక్కడ కార్యకర్తలు ఒక సంగతి తెలుసుకోవాలె, ఇది ప్రాణానికి సంబంధించింది. ఒక వాడలో మనోళ్లు మంచి మనసుతోనే పదిమందితో తాగుడు బంద్ అని ఒట్టు పెట్టించిన్రు. అందుల ఒకాయన రోజూ పొద్దున లేవంగనే తాగే మనిషి. ఒట్టు ప్రకారం ఒక్కసారే బంద్ చేసిండు. మరునాడు చేతులు వణికినయి. మూడో నాడు గోడల మీద పాములు కనబడ్డయి, పెండ్లాన్నే గుర్తు పట్టలే. దయ్యం పట్టిందని మంత్రగాని దగ్గరికి తీసుకపోయిన్రు. ఆఖరి గడియల దవాఖానకు తెస్తే బతికిండు. అది దయ్యం కాదు. ఏండ్ల తరబడి మందుకు అలవాటైన ఒళ్లు, ఒక్కసారే ఆపితే రెండు మూడు రోజులల్ల ఇట్ల తిరగబడుతది, ఫిట్స్ వస్తయి, ప్రాణం కూడా పోవచ్చు. అసొంటి మనిషిని డాక్టరు చూస్తుండంగ, మందులతో మాన్పియ్యాలె. ఒట్టు పెట్టించే ముందు "పొద్దున తాగకపోతే చెయ్యి వణుకుతదా?" అని అడగండి. వణుకుతదంటే ముందు దవాఖాన, ఒట్టు తర్వాత.

కులం సంగతి చెప్పకుండా మన పత్రికలో మనసు సంగతి రాస్తే అది అబద్ధం అయితది. బాయిల అందరి మీద బొగ్గే, అందరూ నలుపే. పైకొచ్చి తానం చేస్తే ఎవలు ఎవలో మళ్ల తేలుతది. కిరాయి ఇల్లు అడుగుతే "మీరేమిట్లు?" అని అడుగుతరు. చదువుకొని ఓవర్‌మెన్ అయిన మన పిలగాడు తప్పు చేయకున్నా, చేస్తనేమో అని రోజంతా భయపడుతుంటడు. ఎందుకంటే వేరేటోడు తప్పు చేస్తే అది వాని తప్పు, మనోడు చేస్తే కోటా తప్పు. ఈ భయం మోసి మోసి ఒక పిలగాడు నా దగ్గరికి వచ్చిండు. "మేడం, నాకు బీపీ లేదు, షుగర్ లేదు, అయినా గుండె దడదడ కొట్టుకుంటది" అన్నడు. ఎప్పుడు కొట్టుకుంటది అంటే, ఆఫీసు గదిలకు పిలిచినప్పుడు అన్నడు.

బాబాసాహెబ్ ఇట్ల కుమిలిపోలేదా? 1917లో అమెరికా, లండన్ చదువుల నుంచి తిరిగొచ్చి బరోడాలో కొలువుకు చేరిండు. ఉండనీకి ఇల్లు దొరకలే. పార్శీల సత్రంలో పేరు మార్చుకొని ఉన్నడు. పదకొండో రోజు కట్టెలు పట్టుకొని డజను మంది పార్శీలు వచ్చి వెళ్లగొట్టిన్రు. ఎటు పోవాల్నో తోచక అక్కడి కమాటీ బాగ్ తోటలో కూసున్నడు, తల్లిదండ్రులను తలుచుకొని దుఃఖపడ్డడు. పద్దెనిమిదేండ్ల తర్వాత ఆ సంగతి రాస్తూ, ఇప్పటికీ అది కళ్ల ముందర కనబడుతదనీ, కన్నీళ్లు లేకుండా తలుచుకోలేననీ ఒప్పుకున్నడు. అంత చదువు చదివిన మనిషి, దేశానికి రాజ్యాంగం రాసిన మనిషి. మనం ఆయన కోటును, పుస్తకాన్ని, చూపుతున్న వేలును బొమ్మ చేసి చౌరస్తాల నిలబెట్టినం. ఆ తోటలో కూసొని ఏడ్చిన మనిషిని కూడా మన పిల్లలకు చెప్పాలె. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల పోయిన నాడు మనం రోడ్ల మీదికొచ్చినం, రావాల్సిందే. ఆ తర్వాత మన హాస్టళ్లల్ల ఎన్ని గదుల తలుపులు కొట్టి "తమ్మీ, నిద్ర పడుతున్నదా?" అని అడిగినం?

ఈ మధ్య ఒక రకం ఉపన్యాసకులు దిగిన్రు. సంతోషంగ ఉండండి, మంచిగ ఆలోచించండి, తెల్లవారుజామున లేచి ధ్యానం చేయండి అంటరు. రాత్రి షిఫ్టు చేసినోడు తెల్లవారుజామున ఎట్ల లేస్తడు? వాడు అప్పటికి పండుకోనే లేదు. జీతం సగం, పని రెట్టింపు, మేస్త్రీ నోట్ల కులం పేరు. అసొంటప్పుడు గుండె బరువెక్కితే ఆ మనిషి ఆలోచన చెడ్డదని కాదు, కండ్లు సరిగ్గనే చూస్తున్నయని. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా పర్మినెంటు కార్మికులుండె. ఇప్పుడు నలభై వేల చిల్లర. మిగతా పని కాంట్రాక్టోళ్ల మీద పడ్డది. ఇది ధ్యానంతో పోయే రంది కాదు.

కానీ మన అన్నలు ఇంకో దిక్కు తప్పిపోతున్నరు. "కాంట్రాక్టు పర్మినెంటైతే, కులం పోతే ఇవన్నీ అవే పోతయి" అంటరు. అప్పటిదాకా? అన్నా, ఒక మనిషి బేస్తవారం దాకా ఉంటడో ఉండడో తెల్వనప్పుడు ఆ మనిషికి అప్పటి ముచ్చట చెప్పి ఏం లాభం? కాలు విరిగితే ప్రమాదానికి కారణమైనోళ్ల మీద కొట్లాడుతం, పట్టీ కూడా కడుతం. కొట్లాట గెలిచినంక కడుతమని ఆపం కదా.

కాబట్టి చేయగలిగినవి చేయాలె. మనిషి మాట్లాడుడు తగ్గించినా, ఉన్న సామాను ఊరికనే పంచిపెడుతున్నా, "నేను లేకుంటే మీరు మంచిగుంటరు" అంటున్నా, ఊకోవద్దు. "సచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అని సూటిగ అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతదని మనోళ్ల భయం. పుట్టదు. నేను అడిగినప్పుడు ఎక్కువమంది బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలిన్రు. అవునంటే ఒంటరిగ వదలొద్దు. పురుగుమందులు, గడ్డిమందు ఇంట్ల నుంచి తీసి వేరే జాగల తాళమేసి పెట్టాలె. దవాఖానకు తీసుకపోవాలె. రామగుండంలో 2022 నుంచి సర్కారు మెడికల్ కాలేజీ నడుస్తున్నది. ఈ జబ్బుల కోసం హైదరాబాద్ ఎర్రగడ్డ దాకా పోవాలె అనే పాత ఆలోచనతోని ఊకోవద్దు, ముందు ఇక్కడి పెద్దాసుపత్రిలనే అడగాలె. 14416 అనే టెలీ మానస్ నంబరుకు పైసా ఖర్చు లేకుండా రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడుతరు. ఫోను కలిపి ఇచ్చి పక్కన కూసోండి.

పోలీసు కేసు అయితదని భయపడి "కడుపు నొప్పి" అని డాక్టరుకు అబద్ధం చెప్పే ఇండ్లు ఇంకా ఉన్నయి. ఏం తాగిండో తెల్వక డాక్టరు ఆగిపోతడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అట్ల ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన బాధల ఉన్నడనే అనుకోవాలె, శిక్షించొద్దు. 2024 జూలై నుంచి అమలైన కొత్త శిక్షాస్మృతిలో పాత 309 సెక్షన్ కూడా లేదు. నిజం చెప్పండి, ప్రాణం దక్కుతది.

మొన్న అంబేద్కర్ జయంతికి సంఘం మీటింగుల ఒక మాట అడిగిన. "నిన్న రాత్రి మంచిగ నిద్ర పోయినోళ్లు చేయి లేపండి" అన్న. నవ్విన్రు. ఇద్దరు ముగ్గురు లేపిన్రు. మీటింగు అయినంక, మొదట్ల చెప్పిన ఆ అన్న, ఉన్నోళ్ల రోగాలు అన్న ఆయన, బండి దగ్గర ఆగిండు. హెల్మెట్ పెట్టుకుంట, నా దిక్కు చూడకుంట, "ఆ నంబరు ఎంతన్నవు చెల్లె?" అన్నడు. ఎవరికని నేను అడగలే. రాసిచ్చిన.

కవరు పట్టుకొని వచ్చిన పెద్దమనిషి వారం వారం వస్తున్నడు. ఇప్పుడు కుర్చీల కూసుంటడు. అప్పు సంగతి ఇంట్ల చెప్పిండంట, రెండు రోజులు లొల్లి అయింది, మూడో రోజు కూసొని లెక్కేసుకున్నరంట. పోయిన వారం కొడుకే ఆటోల తీసుకొచ్చిండు. లోపలికి రాలే, బయట ఆటోలనే కూసున్నడు. ముసలాయన పోయేటప్పుడు చెప్పిండు, "వచ్చే వారం వస్తడంట బిడ్డా, ఇంకో కుర్చీ వెయ్యి."